న్యూయార్క్ అపార్ట్‌మెంట్లో బొద్దింకలు, చెమ్మ, మా బాబు ఉబ్బసం: ఇంటి యజమాని బాధ్యత ఎంతవరకు?

ప్రశ్న: క్వీన్స్ గృహిణి

అందరికీ నమస్కారం. మేము హనుమకొండ నుండి వచ్చి న్యూయార్క్ నగరంలో, క్వీన్స్‌లోని ఎల్మ్‌హర్స్ట్‌లో రెండేళ్లుగా అద్దెకు ఉంటున్నాము. మాది 1930ల నాటి ఆరంతస్తుల ఇటుక భవనం. అందులో నలభైకి పైగా ఇళ్లున్నాయి, మా ఇల్లు మూడో అంతస్తులో ఉంది. మా బాబుకు ఆరేళ్లు. ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలంలోనే వాడికి రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు మొదలయ్యాయి. డాక్టరుగారు ఉబ్బసమని చెప్పి ఇన్‌హేలర్ రాసిచ్చారు. మా రెండు కుటుంబాల్లోనూ ఈ జబ్బు ఎవరికీ లేదు.

వంటింట్లో సింకు కింది అల్మరా తలుపు తీస్తే వెనక గోడలోంచి రెండు నీటి గొట్టాలు కనబడతాయి. వాటి చుట్టూ గోడకు నా అరచేయి దూరేంత సందు ఉంది. రాత్రి పదకొండు గంటలకు లైటు వేస్తే గోధుమరంగు చిన్న బొద్దింకలు పదీపదిహేను ఆ సందులోకే పరుగెడతాయి. కిందటి నెలలో బియ్యం సంచి మూల కొరికేసి ఉంది, పక్కన నేల మీద చిట్టెలుక పెంటికలు కనబడ్డాయి. స్నానాలగది పైకప్పు మీద అన్నం పళ్లెమంత మేర నల్లటి బూజు పట్టింది. పై ఇంటివారి గొట్టం ఎక్కడో కారుతున్నట్టుంది, ఎందుకంటే ఆ చోటును ఎప్పుడు ముట్టుకున్నా చెమ్మగానే ఉంటుంది.

భవనాన్ని చూసుకునే సూపర్ నెలకొకసారి మందు కొట్టే మనిషిని పంపిస్తారు. ఆయన గోడల అంచుల వెంబడి మందు చల్లి ఐదు నిమిషాల్లో వెళ్లిపోతారు. నాలుగు రోజులు బొద్దింకలు తగ్గినట్టే ఉంటాయి, కానీ మందు కొట్టిన రాత్రి మా బాబుకు ఆయాసం తప్పదు. యజమాని కార్యాలయానికి ఫోన్ చేస్తే, మేము రోజూ నూనె పోసి వంట చేస్తామని, పోపుల వాసనకే పురుగులు వస్తాయని, మందు కొట్టించడంతో తమ పని అయిపోయిందని అన్నారు. ఆ మాటకు నాకు చాలా బాధ కలిగింది. రోజూ రాత్రి గిన్నెలు తోమి, పొయ్యి తుడిచి, చెత్త కట్టి బయట పెట్టాకే నేను పడుకుంటాను.

మా ఊళ్లో ఉన్నప్పుడు అద్దె ఇంట్లో బొద్దింకలు పడితే మేమే మందు తెచ్చుకునేవాళ్లం గానీ ఓనరుగారిని అడగడం అనేది తెలియదు. ఇక్కడ చట్టం ఏమంటుంది? యజమాని చేయవలసింది ఏమిటి, మేము చేసుకోవలసింది ఏమిటి? మావారు వీసా మీద పనిచేస్తున్నారు. ఫిర్యాదు చేస్తే ఇల్లు ఖాళీ చేయిస్తారేమో, వీసాకు ఇబ్బంది వస్తుందేమో అని ఆయన వెనకాడుతున్నారు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.


సమాధానం 1: బ్రాంక్స్ పాతకాపు

అమ్మా, ముందుగా ఒక్క మాట. మీ వంట వల్ల బొద్దింకలు వచ్చాయన్నది మీ మనసులోంచి తీసేయండి. అరచేయి దూరేంత సందు గోడలో ఉంచి, పైకప్పు నుండి నీరు కారనిచ్చి, తప్పు మీ పోపు మీదకు నెట్టడం న్యాయమూ కాదు, ఈ నగర చట్టానికి సమ్మతమూ కాదు. నేను పదిహేడేళ్లుగా ఈ నగరంలో అద్దెకే ఉంటున్నాను, మా భవనంలో అద్దెదారుల సంఘం పనులు చూస్తుంటాను. ఈ వ్యవహారం నాలుగైదు కుటుంబాల తరఫున నడిపించాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

న్యూయార్క్ నగరంలో 2018 నాటి 55వ స్థానిక చట్టం అని ఒకటి ఉంది, 2019 జనవరి 19 నుండి అమలులోకి వచ్చింది. ఇళ్లలో ఉబ్బసాన్ని రేపే బొద్దింకలు, చిట్టెలుకలు, పెద్ద ఎలుకలు, బూజు అనే నాలుగింటినీ అరికట్టే బాధ్యతను అది భవన యజమాని మీద పెట్టింది. మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఇళ్లున్న ప్రతి భవనానికీ అది వర్తిస్తుంది. అద్దెకున్నవారిలో ఎవరికైనా ఉబ్బసం ఉంటే అంతకన్నా చిన్న భవనానికి కూడా వర్తిస్తుంది. మీ భవనం విషయంలో సందేహానికి తావే లేదు. యజమాని ఏటా ఒకసారి ప్రతి ఇంటినీ, అందరూ వాడుకునే నడవలనూ బేస్‌మెంటునూ ఈ నాలుగింటి కోసం తనిఖీ చేయించాలి, ఫిర్యాదు వస్తే ఏడాది తిరిగేదాకా ఆగకుండా వచ్చి చూడాలి. కొత్తవారు చేరకముందే ఖాళీ ఇంటిని శుభ్రం చేయించి, పురుగూ బూజూ లేకుండా అప్పగించాలి. అద్దె ఒప్పందంతో పాటు ఈ చట్టాన్ని వివరించే కాగితాన్ని కూడా మీ చేతికివ్వాలి. మీ ఒప్పందం కట్టను ఒకసారి తిరగేసి చూడండి, అది అందులోనే ఉండవచ్చు. లేకపోతే ఆ లోటును కూడా మీ ఉత్తరంలో రాయవచ్చు.

ఇక అసలు సంగతి. నెలనెలా మందు చల్లించడంతో యజమాని పని అయిపోయిందన్నది ఈ చట్టం ఒప్పుకోని మాట. పురుగు ఎక్కడినుండి వస్తోంది, దానికి తిండి, నీరు, దాక్కునే చోటు ఎక్కడ దొరుకుతున్నాయి అని చూసి ఆ మూలాన్ని సరిచేయాలని చట్టం చెబుతుంది. గోడల్లో, పైకప్పులో, నేలలో, గొట్టాల చుట్టూ, అల్మరాల లోపలా వెనకా ఉన్న కన్నాలనూ పగుళ్లనూ మూయించాలి. నడవలోకి, బేస్‌మెంటులోకి, వీధిలోకి తెరుచుకునే తలుపులకు అడుగున పట్టీ బిగించాలి. కారుతున్న కుళాయిలను, గొట్టాలను, కాలువలను బాగుచేయించాలి. పురుగుల గూళ్లనూ మలాన్నీ దుమ్ము లేవకుండా, సన్నని ధూళిని కూడా పట్టి ఉంచే హెపా వడపోత ఉన్న వాక్యూమ్‌తో తీయించాలి. ఇవన్నీ చేశాక ఇంకా అవసరమైతేనే మందు, అది కూడా పొదుపుగా, రాష్ట్ర పర్యావరణ శాఖ లైసెన్సు ఉన్నవారి చేత వాడించాలి. మీ ఇంట్లో జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది.

మీ చిన్న బొద్దింకలు జర్మన్ బొద్దింకలనే జాతివి. ఆడది మోసే ఒక్క గుడ్ల సంచిలో ముప్పై నలభై గుడ్లుంటాయి. గోడ అంచున చల్లిన మందు గోడ లోపల ఉన్నవాటిని చేరదు సరికదా, వాటిని చెదరగొట్టి పక్కింటి గోడలోకి తోస్తుంది, నాలుగు రోజుల తరువాత అవి తిరిగి మీ ఇంటికే వస్తాయి. చిట్టెలుకకైతే పావు అంగుళం సందు దొరికినా చాలు, దూరిపోతుంది. మీ ఇంట్లో దానికి అరచేయి పట్టేంత దారి తెరిచి పెట్టారు.

బూజు విషయం. దాని మీద రంగు పూసి వెళ్లిపోతే సరిచేసినట్టు కాదు. ముందు పై ఇంటి గొట్టాన్ని బాగుచేయాలి, తడిసిన చోటు ఆరాలి, ఆ తరువాత సబ్బునీటితో కడగాలి. పనిచేసేటప్పుడు దుమ్ము ఇల్లంతా పాకకుండా ప్లాస్టిక్ పట్టాలు కట్టాలి, మీకు ముందుగా చెప్పాలి. పది లేదా అంతకన్నా ఎక్కువ ఇళ్లున్న భవనంలో బూజు పది చదరపు అడుగులు దాటితే, రాష్ట్ర కార్మిక శాఖ లైసెన్సు ఉన్న పరీక్షకుడు ఒకరు, తొలగించేవారు వేరొకరు, ఇద్దరూ ఒకరితో ఒకరికి సంబంధం లేనివారై ఉండాలి. మీది పళ్లెమంత మేరే కాబట్టి ఆ నియమం ఇప్పటికి రాదు గానీ, గొట్టం కారుతూనే ఉంటే అంతవరకూ రావడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఇప్పుడు మీరు చేయవలసింది. ఫోన్ మాటలు గాలిలో కలిసిపోతాయి కనుక ఉత్తరం రాయండి. సందు పక్కన ఒక కొలబద్ద పెట్టి ఫోటో తీయండి, బూజు పక్కన కూడా అలాగే. బొద్దింకలు ఎప్పుడు ఎన్ని కనబడ్డాయో, బాబుకు ఏ రాత్రి ఆయాసం వచ్చిందో, మందు ఏ రోజు చల్లారో తేదీలతో ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లవాడు ఉన్నాడని, 55వ చట్టం ప్రకారం సందులు మూయించి గొట్టం బాగుచేయించమని కోరుతున్నామని మర్యాదగా, స్పష్టంగా రాసి, ఈమెయిల్‌లో పంపి, ఒక ప్రతిని సర్టిఫైడ్ మెయిల్‌లో కూడా పంపండి. వారం పది రోజుల్లో కదలిక లేకపోతే నగరపాలక సంస్థ ఫిర్యాదుల నంబరు 311కు ఫోన్ చేయండి. తెలుగు దుభాషిని అడగవచ్చు. బొద్దింకలు, చిట్టెలుకలు, బూజు, నీటి లీకు అని ఒక్కొక్కటీ విడివిడిగా నమోదు చేయించండి, ప్రతిదానికీ నంబరు అడిగి తీసుకోండి. నగర గృహశాఖవారు యజమానికి కబురు చేస్తారు, ఆ తరువాత ఇన్‌స్పెక్టరు వస్తారు. ఆయన వచ్చినప్పుడు ఇంట్లో పెద్దవారు ఒకరు తప్పకుండా ఉండాలి. ఉల్లంఘన రాస్తే దానిని ఏ, బీ, సీ అని మూడు తరగతులుగా విడదీస్తారు. ఏ తరగతికి 90 రోజులు, ప్రమాదకరమైన బీ తరగతికి 30 రోజులు గడువు. తక్షణ ప్రమాదమైన సీ తరగతికి గడువు ఇంకా తక్కువ.

అప్పటికీ కదలకపోతే జమైకాలో ఉన్న క్వీన్స్ గృహ న్యాయస్థానంలో, మరమ్మతులు చేయించమని మీరే యజమాని మీద కేసు వేయవచ్చు. దానిని ఇక్కడ హెచ్‌పీ కేసు అంటారు. రుసుము 45 డాలర్లు, కట్టలేనివారు మాఫీ కోరవచ్చు. అద్దె మాత్రం సొంతంగా ఆపకండి. నివాసయోగ్యంగా ఇల్లు ఇవ్వడం యజమాని విధి అని 1975 నుండి రాష్ట్ర చట్టంలో ఉన్న మాట నిజమే, దాని కింద అద్దె తగ్గింపు కోరవచ్చు కూడా. కానీ న్యాయవాదిని అడగకుండా అద్దె ఆపితే బకాయి కేసులో మీరే చిక్కుకుంటారు.

మీవారి భయం గురించి. ఈ రాష్ట్రంలో కోర్టు ఉత్తర్వు లేనిదే ఎవరినీ ఇంట్లోంచి పంపడానికి వీల్లేదు, తాళం మార్చి బయటపెట్టడం నేరం. ఫిర్యాదు చేసినందుకు కక్షతో ఖాళీ చేయించబోవడం కూడా చట్టం నిషేధించింది. ఫిర్యాదు జరిగిన ఏడాదిలోపు అలాంటి చర్య తీసుకుంటే, అది కక్షసాధింపు కాదని నిరూపించుకునే భారం యజమాని మీదే పడుతుంది. 311 వారు వీసా సంగతి అడగరు. ఇంకొక విషయం, 1974కు ముందు కట్టిన, ఆరు లేదా అంతకన్నా ఎక్కువ ఇళ్లున్న భవనాల్లో చాలావాటిలో అద్దె నియంత్రణ ఉంటుంది. మీ ఇల్లు ఆ కోవలోకి వస్తే ఒప్పందాన్ని పొడిగించుకునే హక్కు కూడా మీకు ఉంటుంది. రాష్ట్ర గృహశాఖ నుండి మీ ఇంటి అద్దె చరిత్రను తెప్పించుకుంటే అది తేలిపోతుంది. ఇది ముందే చూసుకుంటే మీవారి మనసు కుదుటపడుతుంది.


సమాధానం 2: పిల్లల వైద్యురాలు

పాతకాపు గారు చట్టం సంగతి పూర్తిగా చెప్పారు. నేను మీ బాబు ఊపిరితిత్తుల గురించి రాస్తాను. గుంటూరులో చదువుకుని ఇక్కడ పిల్లల ఉబ్బసం ఎక్కువగా చూస్తున్నదాన్ని. మీ బాబును నేను చూడలేదు కనుక మందుల విషయం మీ డాక్టరుగారికే వదిలేస్తున్నాను.

బొద్దింక లాలాజలంలో, మలంలో, విడిచిన పొట్టులో ఉండే ప్రోటీన్లు కొందరు పిల్లలకు పడవు. ఇవి కాస్త బరువైన రేణువులు, నేల మీద, పరుపు మీద దుమ్ములో కలిసి పడి ఉంటాయి. మనం చీపురుతో ఊడ్చినప్పుడు, పిల్లవాడు పరుపు మీద ఎగిరినప్పుడు పైకి లేస్తాయి. చిట్టెలుక మూత్రంలోని ప్రోటీను ఇంకా సన్నగా ఉండి చాలాసేపు గాలిలోనే తేలుతుంది. అమెరికా నగరాల లోపలి ప్రాంతాల్లో ఉబ్బసం ఉన్న పిల్లల మీద జరిపి 1997లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, పరీక్షించిన 476 మందిలో దాదాపు 37 శాతం మందికి బొద్దింక అలర్జీ ఉన్నట్టు తేలింది. బొద్దింక అలర్జీ ఉండి, పడకగదిలో ఆ ప్రోటీన్లు ఎక్కువగా ఉన్న పిల్లలు మిగతావారి కన్నా మూడు రెట్లకు పైగా ఆసుపత్రి పాలయ్యారు. కుటుంబంలో ఎవరికీ లేదుగా అని మీరు ఆశ్చర్యపడుతున్నారు. వంశంలో లేకపోయినా ఇల్లు ఇలా ఉంటే ఉబ్బసం రేగవచ్చు.

బొద్దింకలన్నీ చచ్చిపోయినా వాటి ప్రోటీన్లు దుమ్ములో నెలల తరబడి నిలిచి ఉంటాయి. పని జరిగిన మర్నాడే పిల్లికూతలు తగ్గలేదని నిరుత్సాహపడకండి. చీపురు పక్కన పెట్టి తడిగుడ్డతో తుడవండి. మందు చల్లే మనిషి మళ్లీ వచ్చేలోపే, ఇంట్లో ఉబ్బసం ఉందని, చల్లే మందు వద్దని, జెల్ ఎర గానీ ఎర డబ్బాలు గానీ పెట్టమని రాతపూర్వకంగా అడగండి. పొగలా చిమ్మే బాంబు డబ్బాలు అసలే వద్దు.

మన ఇళ్లలో ఉండే కొన్ని వస్తువుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇవి ఎవరూ అడగరు, మనమూ చెప్పము. ఇండియా నుండి వచ్చేవారు సూట్‌కేసులో తెచ్చే లక్ష్మణరేఖ చాక్‌పీసు వంటి పురుగుల సుద్దలు ఇక్కడ అమ్మడానికి అనుమతి లేనివి. వాటి పొడి నేల మీద పాకే పిల్లల చేతులకు అంటుతుంది, సుద్దముక్క అనుకుని నోట్లో పెట్టుకున్న పిల్లలూ ఉన్నారు. బట్టల అల్మరాలో వేసే కలరా ఉండల ఆవిరి, సాంబ్రాణి పొగ, అగరుబత్తి పొగ కూడా ఉబ్బసం ఉన్న పిల్లవాడి ఊపిరి గొట్టాలను బిగిస్తాయి. పూజ మానమని అనను. దీపం పెట్టుకుని, పొగ మాత్రం బాబు ఇంట్లో ఉన్నప్పుడు వద్దు.

మీరు వెంటనే చేయదగినది ఇంకొకటి ఉంది. ఉబ్బసం ఉన్న బిడ్డ ఇంట్లో పురుగులూ బూజూ ఉంటే, ఆ ఇంటిని ఉచితంగా తనిఖీ చేయమని డాక్టరు నగర ఆరోగ్యశాఖను ఆన్‌లైన్‌లో కోరవచ్చు. చాలామంది తల్లిదండ్రులకు ఇది తెలియదు, తీరిక లేని డాక్టర్లు తమంతట తాము చెప్పకపోవచ్చు. మీరే నోరు తెరిచి అడగండి. బాబుకు ఉబ్బసం ఉందని, ఇంటి పరిస్థితుల వల్ల పెరుగుతోందని ఒక ఉత్తరం కూడా రాయించుకుని, యజమానికి పంపే ఉత్తరంతో జతచేయండి.


సమాధానం 3: బ్రూక్లిన్ చిన్న యజమాని

నేను అవతలి పక్షం మనిషిని. బ్రూక్లిన్‌లో మాకు నాలుగిళ్ల పాత భవనం ఉంది, ఒక ఇంట్లో మేముంటాము, మూడు అద్దెకిచ్చాము. యజమానులందరూ నిర్లక్ష్యపరులు కారని చెప్పడానికీ, ఈ పని నిజంగా ఎలా చేయాలో చెప్పడానికీ రాస్తున్నాను.

మొదట నేనూ మీ యజమానిలాగే నెలనెలా మందు చల్లించేవాడిని. రెండేళ్లు డబ్బు పోసినా రెండో అంతస్తులో బొద్దింకలు తగ్గలేదు. తరువాత లైసెన్సు ఉన్న ఒక పెద్దమనిషి వచ్చి మందు తీయకుండానే టార్చిలైటు పట్టుకుని గంటన్నర ఇల్లంతా చూశాడు. పొయ్యిని ముందుకు జరిపించాడు. దాని వెనక గ్యాసు గొట్టం గోడలోకి వెళ్లే చోట గుండ్రటి రేకు బిళ్ల ఒకటి వదులై వేలాడుతోంది, దాని వెనక గోడ ఎన్నడూ పూడ్చనే లేదు. బిళ్ల లోపలివైపు మిరియాల పొడి అద్దినట్టు నల్లటి చుక్కలు. అవన్నీ బొద్దింకల మలం. అతను అక్కడ వాక్యూమ్ పట్టి, సబ్బునీటితో తుడిచి, సందులో రాగి పీచు కుక్కి, దాని మీద సీలెంటు వేసి, బిళ్లను గోడకు బిగించాడు. సింకు కింద, స్నానాల తొట్టి గొట్టాల దగ్గర, రేడియేటర్ గొట్టం నేలలోకి దిగే చోట కూడా ఇదే పని. అల్మరా తలుపు కీళ్ల దగ్గర మాత్రం బియ్యపుగింజంత ఎర మందు చుక్కలు పెట్టాడు. జిగురు అట్టలు ఆరు చోట్ల పెట్టి, వాటి మీద తేదీ రాసి, రెండు వారాల తరువాత వచ్చి లెక్కపెట్టాడు. మొదటిసారి ఒక్క అట్టకే యాభైకి పైగా అంటుకున్నాయి, మూడోసారి వచ్చేసరికి రెండు. మొత్తం ఖర్చు నేను ఏడాదిలో చల్లే మందుకు పెట్టినదానికన్నా తక్కువే అయింది.

కాబట్టి మీ యజమానికి ఉత్తరం రాసేటప్పుడు "పురుగులు ఉన్నాయి" అని మాత్రమే రాయకండి. "సింకు వెనక గొట్టాల చుట్టూ ఇన్ని అంగుళాల సందు ఉంది, మూయించండి, ప్రవేశద్వారం కింద ఇంత ఎడం ఉంది, పట్టీ వేయించండి" అని చోటు పేరు పెట్టి రాయండి. అలా రాస్తే పనివాడికి ఏం చేయాలో తెలుస్తుంది, తప్పించుకోవాలనుకునేవారికి దారి ఉండదు.

అద్దెదారుల వైపు పని కూడా ఉంది, చట్టం కూడా అదే అంటుంది. బియ్యం, పప్పులు, పిండి బిగువైన మూత ఉన్న డబ్బాల్లో ఉండాలి. ఇరవై పౌండ్ల బియ్యం సంచిని మూల నిలబెట్టడం మన అందరి అలవాటు, అది ఎలుకకు విందే. చెత్తబుట్టకు మూత ఉండాలి, చెత్త రోజూ బయటికి పోవాలి. లీకు కనబడిన రోజే చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, పనివాళ్లు వచ్చినప్పుడు లోపలికి రానివ్వాలి. మా ఇంట్లో అద్దెకున్న ఒకాయన ఇల్లు సర్దిలేదని సిగ్గుపడి మూడుసార్లు తలుపు తీయలేదు. ఆ ఒక్క ఇంటి వల్ల మిగతా మూడిళ్లలో చేసిన పని సగం వృథా అయింది. గోడలు అందరివీ ఒకటే కదా. మీ భవనంలో నలభై ఇళ్లున్నాయి గనుక పైవారితో, కిందివారితో, పక్కవారితో మాట్లాడి ఒకేసారి ఫిర్యాదు చేయండి. మీ ఒక్క ఇల్లు మూస్తే పురుగు పక్కింట్లో ఉంటుంది.


సమాధానం 4: జెర్సీ సిటీ నివాసి

హడ్సన్ నది ఇవతల న్యూజెర్సీలో ఉన్న తెలుగువారు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక హెచ్చరిక. 55వ స్థానిక చట్టం న్యూయార్క్ నగరానికి మాత్రమే. జెర్సీ సిటీ, ఎడిసన్ వంటి చోట్ల అది పనిచేయదు. న్యూజెర్సీలో ఇల్లు నివాసయోగ్యంగా ఉంచడం యజమాని విధి అని 1970లో మరీనీ వర్సెస్ ఐర్లండ్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. యజమాని పట్టించుకోనప్పుడు అత్యవసరమైన మరమ్మతును అద్దెదారే చేయించి ఆ మొత్తాన్ని అద్దెలో మినహాయించుకోవచ్చని చెప్పిన తీర్పు అదే. అయితే ముందుగా రాతపూర్వకంగా తెలియజేయకుండా, తగిన గడువు ఇవ్వకుండా మినహాయించుకుంటే నిలవదు. మా దగ్గర మూడు, అంతకన్నా ఎక్కువ ఇళ్లున్న భవనాలను రాష్ట్రం తరఫున తనిఖీ చేస్తారు, మునిసిపల్ ఆరోగ్య విభాగానికి కూడా ఫిర్యాదు చేయవచ్చు.


మళ్లీ ప్రశ్న: క్వీన్స్ గృహిణి

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆరు వారాలైంది, జరిగినది చెప్పడం నా బాధ్యత. మావారు కూర్చుని ఉత్తరం రాశారు, డాక్టరుగారి ఉత్తరం జతచేశాము. పన్నెండు రోజులు ఎదురుచూసి 311కు ఫోన్ చేశాము. మా కింది ఇంట్లో ఉండే బంగ్లాదేశ్ కుటుంబం, పైనున్న ఈక్వడార్ పెద్దావిడ కూడా అదే రోజు ఫిర్యాదు చేశారు. ఆ పెద్దావిడకు కూడా ఉబ్బసమని మాకు అప్పుడే తెలిసింది, ఇన్నాళ్లూ ఒకరికొకరం నమస్కారం తప్ప మరో మాట అనుకోలేదు. ఇన్‌స్పెక్టరు వచ్చి సింకు కింద మోకాళ్ల మీద కూర్చుని చూశారు, బూజు ఉన్న చోట చెమ్మ కొలిచే పరికరం పెట్టి చూశారు, బొద్దింకలకూ చిట్టెలుకలకూ బూజుకూ విడివిడిగా ఉల్లంఘనలు రాశారు.

ఆ తరువాత వారానికి పై ఇంటి గొట్టం మార్చారు, స్నానాలగది పైకప్పు ఆరింది, కడిగి కొత్తగా పూశారు. సింకు వెనక సందు మూశారు. మా బాబు ఈ పది రోజుల్లో రెండు రాత్రులు మాత్రమే దగ్గాడు. అయితే పొయ్యి వెనక సందు మూయలేదు, తలుపు కింద పట్టీ వేయలేదు. పనంతా పూర్తయిందని యజమాని గృహశాఖకు ధృవీకరణ ఇచ్చినట్టు మాకు కాగితం వచ్చింది. ఇప్పుడేమి చేయాలి? చాలావరకు చేశారు కదా, వదిలేద్దామా అని మావారు అంటున్నారు.


సమాధానం: బ్రాంక్స్ పాతకాపు

వదలకండి అమ్మా. ఆ కాగితాన్ని జాగ్రత్తగా చదవండి. పని పూర్తికాకుండానే అయిందని చెప్పినట్టయితే, దానిని సవాలు చేసే అవకాశమూ గడువూ అందులోనే రాసి ఉంటాయి. గడువు దాటితే ఉల్లంఘన మూసేస్తారు, మళ్లీ మొదటినుండి మొదలుపెట్టవలసి వస్తుంది. ఈ రోజే గృహశాఖకు ఫోన్ చేసి, ఉల్లంఘన నంబరు చెప్పి, పొయ్యి వెనక సందూ తలుపు కింది ఎడమూ అలాగే ఉన్నాయని, తిరిగి తనిఖీ చేయమని అడగండి. పొయ్యిని మీరు జరపవద్దు, గ్యాసు గొట్టం కదిలితే ప్రమాదం. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు సూపర్ చేత జరిపించండి. పైనున్న పెద్దావిడకు ఈ కాగితం వచ్చిందో లేదో కూడా కనుక్కోండి. ఆమెకు అది ఇంగ్లీషులో వచ్చి ఉంటే, మీరే ఒకసారి వెళ్లి ఆమె పక్కన కూర్చుని తేదీ చూపించండి.